సైరాగుల్ అక్క తెచ్చిన గుండె పెట్టె

సైరాగుల్ అక్క ఇరవై ఏళ్లు వాతావరణ కేంద్రంలో రాడార్ దగ్గర పనిచేసింది. అది మూతపడ్డాక నారిన్ ఆసుపత్రిలో పరికరాలు చూసుకునే పనిలో చేరింది. ఆమె జేబులో స్క్రూడ్రైవరుతో పాటు ఎండు ఆప్రికాట్లూ ఉంటాయి.

మా పాప బెగాయిమ్ నెలలు నిండకుండా పుట్టింది. ఛాతీకి అంటించిన తీగలు తీస్తే చర్మం లేచి వచ్చేది. అందుకే ఇంటికి పంపేటప్పుడు అక్క ఒక పెట్టె తెచ్చి తొట్టికి బారెడు దూరంలో బిగించింది. దాని మైక్రోవేవ్ తరంగాలు గుడ్డల్లోంచి వెళ్లి, ఛాతీని తాకి తిరిగొస్తాయి. వెంట్రుకవాసి కదలికను బట్టి గుండె వేగం చెబుతాయి.

రెండో రోజు ఆ అంకె నూట నలభై నుంచి అరవై నాలుగుకు పడింది. నిమిషంలో మామూలైంది. మధ్యాహ్నానికి అలా అయిదుసార్లు, ప్రతిసారీ అరవై నాలుగే. మూడింటికి ఆసుపత్రి బండి పంపుతానని, రాజధాని బిష్కెక్ తీసుకుపోవాల్సిందేనని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. రెండు కిలోల పాపతో మంచు కనుమ దాటాలి.

కబురు విని అక్క వచ్చి కూర్చుంది. మబ్బులు చూసుకునేదానికి పిల్లల సంగతేం తెలుసని అత్తగారు సణిగారు. పావుగంట గడిచినా అంకె పడలేదు, నూట నలభై దగ్గరే ఉంది. నేను ఉండబట్టలేక, ఎప్పటిలాగే తొట్టి మీది దుప్పటి ఎత్తి చూశాను. అరవై నాలుగు.

అక్క వెంటనే స్టెతస్కోపు పెట్టి నాతోనే లెక్కపెట్టించింది. నూట ముప్పై ఎనిమిది.

"చెల్లీ, గుండె ఇంత బుద్ధిగా కొట్టుకోదు. ఇంకేదో ఊగుతోంది."

"నేను తొట్టి ముట్టుకుంటే ఒట్టు," అన్నారు అత్తగారు.

ఊగుతున్నది దిష్టి తగలకుండా ఆవిడ తొట్టి పైనున్న అడ్డకర్రకు జానెడు దారంతో వేలాడదీసిన వెండి బిళ్ల. నేను దుప్పటి ఎత్తినప్పుడల్లా ఊగేది; పెట్టె ఆ ఊపునే గుండె అనుకుని లెక్కపెట్టేది.

"నలుగురు బిడ్డల్ని కాచింది. దాని జోలికి రాకు."

"తియ్యనులే పెద్దమ్మా. అది కూర్చుని కూడా కాపలా కాయొచ్చుగా," అంటూ అక్క దాన్ని కర్రకు గట్టిగా చుట్టి కట్టింది.

దుప్పటి మళ్లీ ఎత్తించింది. అంకె పడకుండా నిలబడింది. మరో రెండుసార్లు స్టెతస్కోపుతో సరిచూసి అక్క ఫోనులో చెప్పాక, బండి వద్దని, పొద్దున తానే వచ్చి చూస్తానని డాక్టరమ్మ అంది.

వెళ్లేముందు అక్క, ఇకమీదట దుప్పటి గంటకోసారే ఎత్తమంది. బతిమాలి అరగంటకు ఒప్పించాను.