వ్రతం పీటల మీద వచ్చిన మెసేజ్

రాజమండ్రిలో నాకు చిన్న చీరల కొట్టుంది. కంప్యూటర్‌లో బిల్లులు వేసేది మా తమ్ముడే. అమ్మకాలు బాగానే ఉన్నా, కొత్త సరుక్కని వేసుకున్న బడ్జెట్ ఏ నెలా చాలేది కాదు. "కొట్లో అమ్మాయిల మీద ఓ కన్నేసి ఉంచక్కా" అనేవాడు వాడే. ఆ మాట పట్టుకునే, ఎవరు బిల్లు రద్దు చేసినా నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టించాను. వాడికి చెప్పడం మరిచిపోయాను.

కిందటి కార్తీకంలో కొట్టు వాడికి అప్పగించి, మావారూ నేనూ అన్నవరం వెళ్లాం. వ్రతం పీటల మీద కూర్చున్నామో లేదో ఫోన్ టింగుమంది. ఒక చీర బిల్లు రద్దయింది. కాసేపటికి ఇంకోటి, మళ్లీ ఇంకోటి. అన్నిటి కిందా మా తమ్ముడి పేరే. కథ ఒక్క ముక్క చెవికెక్కలేదు.

బిల్లు రద్దయితే చీర కొట్లోనే ఉండాలి. సాయంత్రం వచ్చి చూస్తే ఆ చీరలు అరల్లో లేవు, వాటి డబ్బు గల్లాపెట్టెలో లేదు.

"బేరాలెలా ఉన్నాయిరా?" అనడిగాను.

"ఇవాళ డల్లక్కా" అంటూ ప్రసాదం కళ్లకద్దుకున్నాడు.

ఫోన్ వాడి ముందు పెట్టాను. చూసి, మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"సొంత తమ్ముడి మీదే నిఘా పెట్టావా? ఇంత అనుమానమా నేనంటే?"

ప్రసాదం బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

ఇప్పుడు సరుక్కి డబ్బు సరిపోతోంది. వాడు మాత్రం అక్కే నమ్మకద్రోహం చేసిందని చుట్టాలందరికీ చెబుతున్నాడట. దొరికిపోయిన సిగ్గు కూడా నాకే వదిలేసి వెళ్లాడు.