ముడులు లేని జంపఖానా

హన్మకొండలో మాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొచ్చిన ఆడవాళ్లకు జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్ వెతికి ఇచ్చే దుకాణం. షాపు మా ఆయనది, కళ్లు నావి. ఈ మాట ఆయన ముందే అంటాను, ఆయనా ఒప్పుకుంటాడు. చీరను బయటి వెలుతురులో ఒక్కసారి చూశానంటే దాని జత ఏ అరలో, ఏ తానులో ఉందో చెప్పేస్తాను. చిలకపచ్చకూ మామిడిపిందె పచ్చకూ తేడా తెలియని మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు మండదు.

మా దుకాణంలో ఇంకో పద్ధతి ఉంది. ప్రతి తాను అంచుకు ఒక దారం వేలాడుతుంటుంది, దానికి ముడులుంటాయి. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు, ముదురు ఎరుపుకు మూడు, ముదురు పచ్చకు నాలుగు. పనికి చేరిన అమ్మాయిలకు మొదటి రోజే నేర్పిస్తాను. ఎందుకు మేడం అని అడిగితే, ఇది కొత్తవాడ నేతవాళ్ల పద్ధతి అని గొప్పగా చెప్పేదాన్ని. మా పుట్టిల్లు కొత్తవాడ, అక్కడ నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా బాపు జంపఖానాలు నేసేవాడు. అవ్వ నూలుకు రంగులద్ది, ఆరబెట్టి, చిలపలుగా చుట్టలు కట్టి, ఒక్కో చిలప కొసకు ముడులు వేసి మగ్గం పక్కన వరసగా పెట్టేది. బాపు చిలప తీసుకునేటప్పుడు బొటనవేలితో కొసను తడిమి చూసి, అప్పుడు నేత మొదలుపెట్టేవాడు. అన్నానికి ముందు చేతులు కడుక్కున్నట్టు నేతకు ముందు ముడులు తడుముతారని అనుకుంటూ పెరిగాను.

పోయిన ఏడాది మా అబ్బాయి రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష పాసయ్యాడు. మా అత్తగారి ఊరు డోర్నకల్. ఎండాకాలం సెలవులకు అక్కడికి పోతే వాడికి స్టేషన్ మెట్ల వంతెనే ఇల్లు. ఇంజన్ల నంబర్లు రాసుకునేవాడు, ఏ బండి ఏ లైనులోకి మళ్లుతుందో ముందే చెప్పేవాడు. రోడ్డు మీది సిగ్నల్లో ఎర్రదీపం పైన ఉంటుందని, పట్టాల పక్క సిగ్నల్లో మాత్రం అన్నిటికన్నా కింద ఉంటుందని నాకు చెప్పింది వాడే. అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు. ఎంత తెలివో నా కొడుక్కి అని మురిసిపోయాను.

మెడికల్ పరీక్షకు పోయి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడ్డాడు.

"చుక్కల బుక్కు చూపెట్టిన్రమ్మా. అండ్ల అంకె ఉంటదట. నాకు చుక్కలే కనబడ్డయి."

నాకు మొదట వచ్చింది కోపమే. పుస్తకం పాతదై రంగు వెలిసిపోయుంటుంది, లేకపోతే చూపెట్టినవాడికే పని రాదు అన్నాను. మర్నాడే వాణ్ని హన్మకొండలో ఒక కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ కూడా అలాంటి పుస్తకమే తీసి మా ఇద్దరి మధ్య పెట్టింది. ఎర్రచుక్కలతో పెద్ద అంకె, చుట్టూ పచ్చచుక్కలు. అడక్కుండానే చదివేశాను. నా పక్కనే కూర్చున్న నా కొడుకు, అదే పేజీ, అదే వెలుతురు, వేలితో వెతుకుతున్నాడు. వాడికి ఎరుపూ పచ్చా విడిగా తెలియవట. డోర్నకల్ వంతెన మీద వాడు చూసింది రంగులు కాదు, దీపం పైనుందా కిందుందా అని.

రెండో తరగతిలో వాడు చెట్టు ఆకులకు గోధుమరంగు వేస్తే, కళ్లు పెట్టుకుని చూడమని నెత్తిన మొట్టాను. అక్కడ కూర్చున్నప్పుడు ఆ మొట్టికాయే గుర్తొచ్చింది. వేల చీరల రంగులు పట్టుకున్న దాన్ని, ఇరవై రెండేళ్లు ఇంట్లో ఉన్నదాన్ని పట్టుకోలేకపోయాను. సిగ్గేసింది.

బయటికి రాగానే మా ఆయన దొరికాడు. మీ వాళ్ల దిక్కునుంచే వచ్చుంటుంది, మీ చిన్నాయన ఎప్పుడూ ఆ బురద రంగు చొక్కాలే వేస్తాడు కదా అని దారిపొడుగునా దులిపాను. చీటీలో మందు ఏమైనా రాశారేమోనని వారం తర్వాత నేనొక్కదాన్నే మళ్లీ పోతే, దీనికి మందు లేదని చెప్పి డాక్టరమ్మ అడిగింది.

"మీ నాయినకు ఉండెనా అమ్మా?"

"మా బాపు రంగురంగుల జంపఖానాలు నేసిండు మేడం."

"అయినా ఒకసారి అడగండి. ఇది తాతనుంచి బిడ్డకు, బిడ్డనుంచి మనుమనికి వస్తది. నడుమ బిడ్డకు కండ్లు మంచిగనే కనబడ్తయి."

ఇంట్లో వాడి గది తలుపు మూసే ఉండేది. ఉద్యోగం పోయిందన్న బాధ ఒక్కటే అయితే నేను భయపడేదాన్ని కాదు. వాడు తనను తాను ఖరాబు సరుకు కింద లెక్క కట్టుకోవడం మొదలుపెట్టాడు. చొక్కా తీసి "ఇది ఏ రంగమ్మా" అని అడిగి, నేను చెప్పేలోపే "పోనీ తీ" అని పడేసేవాడు. బతుకంతా ఇలాగే అడిగి పడేస్తాడేమోనని నా భయం.

ఆదివారం కొత్తవాడకు పోయాను. అవ్వ మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. బాపుకు రంగులు తెలియకపోయేదా అని సూటిగానే అడిగాను. అవ్వ చేతులు ఆగలేదు.

"ఆ ముడులు మన వాడల ఇంకెవలింట్లనన్న చూసినవా బిడ్డా?"

నేను ఆడుకున్న ఇళ్లన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఎన్ని మగ్గాలు, ఎన్ని చిలపలు, ఎంతమంది మేనత్త వరస వాళ్లు. ఒక్క ముడి కూడా కనబడలేదు. నలభై ఏళ్లు దాటిన దాన్ని, నేతవాళ్ల పద్ధతి అని ఊరందరికీ పాఠం చెప్పిన దాన్ని, అది మా ఒక్క ఇంటి ముచ్చట అని అప్పుడు తెలుసుకున్నాను.

"పెండ్లయిన నెలకు ఎర్ర చిలప ఇయ్యమన్నడు. పరాకుల పచ్చది ఇచ్చిన. నేసుకుంటనే పోతాండు," అంది అవ్వ. "తెల్లారి నుంచి ముడులేసుడు షురూ చేసిన. ఆయన తడిమి చూసిండు. నేను అడగలే, ఆయన చెప్పలే. తెలిస్తే పనెవలిస్తరు? ఇప్పుడు మనిషే లేడు, ఇగ ఫికరేంది."

"ఎన్నడూ అడగలేదా?"

"ఏమని అడగాలె? నీకేం కనబడ్తాందని అడుగుదామని మస్తుసార్లు నోటిదాకొచ్చింది. అడిగితె ఆయన చిన్నవోతడని ఊకున్న."

ఆ రోజునుంచి బాపును మళ్లీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టాను. ఆయనకు పాత నలుపు తెలుపు సినిమాలంటే పిచ్చి. రంగులైతే కండ్లు చీరెల మీదికి పోతయి, ఇగ మొకమెవలు చూస్తరు అనేవాడు. అది ఆయన రుచి అనుకున్నాను. రామప్ప గుడికి పోయినప్పుడు అందరం గోపురం ఎరుపు చూస్తుంటే, ఆయన నల్లరాతి నాట్యకత్తెల కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడి, ఏ చేతికి గాజులు మందం, ఏ చేతికి సన్నం నాకు చెప్పాడు. "రంగు కోసం దేవులాడకు, నీడ చూడు" అన్నాడు. ఇంకొకటి గుర్తొచ్చి దుకాణంలో గల్లా ముందే ఏడ్చాను. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతిదీ అడిగేవాడు. ఈ పువ్వు ఏ రంగు, ఆ చీర ఏ రంగు, ఉత్త పచ్చ అంటె ఎట్ల, ఏం పచ్చ, సక్కగ చెప్పు. నేను చెప్పినవి గుర్తుపెట్టుకుని వాడలో నలుగురి ముందు అవే మాటలు వాడేవాడు. నేను ఇంత మురిసిపోయే నా కళ్లు ఆయన అడిగి అడిగి తయారు చేసినవి.

తర్వాత ఫోనులో ఒక యాప్ వేసుకున్నాను. రంగులు తెలియనివాళ్లకు లోకం ఎలా కనబడుతుందో అది చూపిస్తుంది. పిచ్చిదానిలా అన్నింటికీ ఫోను అడ్డం పెట్టి చూశాను. ఏనుమాముల మార్కెట్లో మిర్చి రాశులు తడిమట్టి కుప్పలైపోయాయి. మా దుకాణంలో నాలుగు అరలు కలిసి ఒకే అరయ్యాయి. టీవీలో హీరోయిన్ చీర పొలంలో కలిసిపోయింది, ఆమె ముఖం మాత్రం మిగిలింది. బాపు చెప్పింది నిజమే.

అప్పుడు పిచ్చి జంపఖానా గుర్తొచ్చింది. మా తమ్ముడు పుట్టినప్పుడు అవ్వ నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి పోయింది. ఆ మూడు నెలల్లో, ముడులు వేసే చెయ్యి లేనప్పుడు, బాపు ఒక్కడే నూలుకు రంగులద్ది నేసిన జంపఖానా అది. చుట్టూ ముదురు ఎరుపు అంచు రావాలి. జానెడు ఎరుపు, మూరెడు ముదురు పచ్చ, మళ్లీ బెత్తెడు ఎరుపు, అంచంతా తెగి తెగి ఉంటుంది. మా సరుకు కొనే సేటు వద్దన్నాడు. ఇంట్లో దాని పేరే పిచ్చి జంపఖానా అయిపోయింది. మేం నవ్వేవాళ్లం. బాపూ నవ్వేవాడు.

మా అబ్బాయిని బతిమాలి, చివరికి తిట్టి, కొత్తవాడకు తీసుకుపోయాను. అవ్వ ట్రంకుపెట్టె అడుగునుంచి దాన్ని తీసి నడి ఇంట్లో పరిచింది. నేను ఫోను అడ్డం పెట్టి చూశాను. ఎరుపూ పచ్చా ఒక్కటే రంగయ్యాయి. తెగిన అంచు అతుక్కుంది. ఎక్కడా వంకర లేని, నాలుగు మూలలూ కలిసిన అంచు. ఫోను అవ్వ చేతికిద్దామని తిరిగాను.

వాడు అప్పటికే దాని మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంటికొస్తే వాడు లాక్కుని పడుకునేది దీన్నే.

"దీన్ని పిచ్చిదని ఎందుకంటరో నాకెన్నడు సమజ్ కాలే అమ్మమ్మా," అన్నాడు. "మంచిగనే ఉంది కద."

అవ్వ నా ఫోను పక్కకు నెట్టింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వాడి పక్కన కూర్చుంది.

"అంచు ఏడికి పోతాందో చూపెట్టు కొడుకా."

వాడు వేలు పెట్టి మొదలుపెట్టాడు. ఎరుపు దాటాడు, పచ్చ దాటాడు, మూల తిరిగాడు. అవ్వ వాడి వేలి వెంటే చూస్తోంది. నాలుగు పక్కలూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాడు.

"ఒక్కటే అంచు. ఏడ తెగలే."

"తెగలేదా," అంది అవ్వ. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అయితె ఆయన తప్పు నెయ్యలే."

జంపఖానా మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. తర్వాత, నలభై ఏళ్లు నోటిదాకా వచ్చి ఆగిన మాట మనవణ్ని అడిగింది.

"నీకింకేం కనబడ్తాంది? జర నిమ్మలంగ చెప్పు కొడుకా, నాకు తొందరేం లేదు."

వాడు మొదటి వరస దగ్గర వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.