అత్తరుతో తుడిచిన ప్రాసెసర్

కంప్యూటర్ ఆరోసారి ఆగిపోయినప్పుడు బిగ్గరగా ఏడ్చేశాను. ఏప్రిల్ నెల, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. సోమవారం పొద్దున్న పదింటికల్లా కంకిపాడులో ఒక స్కూలుకి పరీక్ష పేపర్లు టైపు చేసి అందించాలి. అన్నీ అయిపోయి సైన్సు, సోషలు మిగిలాయి. స్విచ్ వేస్తే ఏడు నిమిషాలు పనిచేస్తుంది, తరవాత చెప్పాపెట్టకుండా తెర నల్లబడిపోతుంది. ఆ ఏడులో నాలుగు నిమిషాలు విండోస్ రావడానికే సరి. మిగిలిన మూడింటిలో రెండు ప్రశ్నలు కొట్టి, లైను లైనుకీ సేవ్ చేసుకుంటూ, అల్లా, ఈ ఒక్క లైనూ అనుకుంటూ కూర్చునేదాన్ని.

ఉత్త పేపర్ల గొడవే అయితే అంతలా ఏడవను. బందరులో కాపురం వదిలేసి విజయవాడ పుట్టింటికి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మా ఆయన కొట్టేవాడు. ఇంతకన్నా వివరంగా అప్పుడెవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పబుద్ధి కాదు. నాన్న అంతకు రెండేళ్ల ముందే పోయారు, ఇక ఇంటికి పెద్ద అన్నయ్య. "ఆ డబ్బాతో నీ బతుకు నువ్వు బతగ్గలిగితే ఉండు. లేదంటే వేసవిలో పెద్దమనుషుల్ని పిలిచి పంపించేస్తా," అన్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఈ పని వేళకి చేసిస్తే ఏడాది పొడుగునా పని ఇస్తామని స్కూలువాళ్లు మాటిచ్చారు. చెడితే నాకు బందరు బస్సే.

వీధి చివర ఎస్టీడీ బూత్ నుంచి, బెంజ్ సర్కిల్ దగ్గర నాకు కంప్యూటర్ అమ్మినాయన ఇంటికి ఫోన్ చేశాను. ఆదివారం షాపు తియ్యనన్నాడు.

"ప్రాసెసర్ వేడెక్కిపోతందమ్మా. దానికీ పైనున్న ఫ్యాను దిమ్మకీ మధ్య పేస్టుంటది, అది ఎండిపోయుంటది. పాతది శుభ్రంగా తీసేసి కొత్తది రాయండి. మిగిలిన ట్యూబు మీ సీడీల డబ్బాలోనే పెట్టాను."

"దేంతో తియ్యాలండీ?"

"ఇంట్లో ఏదో ఒకటి ఉంటది కదండీ. స్పిరిట్ గానీ, గోళ్లరంగు తుడిచే మందు గానీ, సెంటు గానీ. స్పిరిట్ కలిసిన దేంతోనైనా పోద్ది. నీళ్లు మాత్రం తగలనీకండి."

ఇంట్లో ఏదో ఒకటి ఉంటుందట! ఆయనకేం తెలుసు మా ఇంటి సంగతి. గోళ్లకు రంగుంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ చెల్లదని ఆ సీసా ఎప్పుడూ మా గడప తొక్కలేదు. మెడికల్ షాపు మధ్యాహ్నానికి మూసేశారు. నాలుగిళ్ల అవతల ఇంట్లోనే సూదిమందులిచ్చే డాక్టరుగారున్నారు. కానీ ఆయన భార్య నేను కనిపిస్తే చాలు, నలుగురిలోనూ "అత్తారింటికి ఎప్పుడమ్మా ప్రయాణం?" అని అడుగుతుంది. చచ్చినా ఆ మెట్టెక్కనని మొండికేశాను.

కంప్యూటర్ డబ్బా విప్పి, స్క్రూడ్రైవరుతో క్లిప్పు లాగి, ఫ్యాను దిమ్మ ఊడదీశాను. ప్రాసెసర్ మీద పేస్టు ఎండిన సున్నంలా పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకితే రాలేదు. నాన్న ఆటోనగర్‌లో లారీ సీట్లకు కుషన్లు కుట్టేవారు, మా ఇంట్లో దేనికి లోటున్నా దూదికి లోటు లేదు. దూదితో రుద్దితే పోగులన్నీ ఆ పెచ్చుకే అంటుకున్నాయి. అమ్మ కిరోసిన్ డబ్బా పట్టుకొచ్చింది. అంటుకుంటే ఇల్లే పోతుందని అరిచి పంపేశాను. పాపం, ఆవిడ మీద అరవడం ఒక్కటే నాకు చేతనైన పని ఆరోజు.

అప్పుడు గుర్తొచ్చింది, సెంటు. నాన్న అత్తరు సీసా పెట్టెలో ఉంది, ఇంకా సగం మిగిలే ఉంది. అమ్మ దాన్ని పూసుకునేది కాదు. శుక్రవారం శుక్రవారం మూత తీసి ఒకసారి వాసన చూసి, మళ్లీ బిగించి పెట్టేసేది. అంతే.

"అమ్మా, ఆ సీసా ఇవ్వవే."

ఎందుకని అడగలేదు. తీసి నా చేతిలో పెట్టింది.

ప్రాసెసర్ మీదా, ఫ్యాను దిమ్మ అడుగునా ఉన్నదంతా ఒంపేశాను. మొదట పేస్టు కరుగుతున్నట్టే అనిపించి ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి అది జిడ్డు జిడ్డుగా నలుమూలలకూ పాకింది, కొంత కారి ఫ్యాను దిమ్మ రేకుల సందుల్లోకి దిగింది. ఎంత తుడిచినా జిడ్డు వదల్లేదు. సరేలెమ్మని దానిమీదే కొత్త పేస్టు రాసి బిగించాను. ఈసారి నాలుగు నిమిషాలకే ఆగిపోయింది.

"అత్తరులో స్పిరిట్ ఉంటే పోవాలే, ఎందుకు పోలేదు?" అన్నాను, పిచ్చిదానిలా.

అమ్మ ఖాళీ సీసా వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "స్పిరిట్టా? స్పిరిట్ ఉంటే మీ నాన్న ముట్టుకునేవారా? ఒంటికి తగిలితే నమాజుకు పనికిరాదని, అది లేనిదానికోసమేగా వన్‌టౌన్ అంతా తిరిగేవారు."

చిన్నప్పటినుంచీ నాకు తెలిసిన సంగతే. తెలిసి తెలిసి అమ్మకి మిగిలిన ఒక్క సీసా నేల పాలు చేశాను, పనీ పాడు చేసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంక దాచుకోవడానికి పరువంటూ ఏముందని చెప్పులేసుకుని డాక్టరుగారింటికి నడిచాను.

వరండాలో ఇద్దరు ముగ్గురు పేషెంట్లున్నారు. డాక్టరుగారి భార్య అడగనే అడిగింది. "ఏమ్మా, అత్తారింటికి ఎప్పుడు?"

"వెళ్లనండి," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "ఇంకెప్పటికీ వెళ్లను. నాక్కొంచెం స్పిరిట్ కావాలి."

ఆ మాట నేను అంతవరకూ అమ్మతో కూడా అనలేదు. ఆవిడ లోపలికెళ్లి, ఖాళీ దగ్గుమందు సీసాలో స్పిరిట్ పోసి తెచ్చింది. "దూది కూడా ఇమ్మంటావా?" అంది మెల్లగా.

"వద్దండి, దూది మాకు చాలా ఉంది."

ఇంటికొచ్చి దిమ్మ మళ్లీ ఊడదీసి, ఉతికిన పాత పంచె ముక్కని తడిపి తుడిస్తే రెండు రుద్దులకే లోహం తళతళలాడింది. ట్యూబులో మిగిలిన బియ్యపుగింజంత పేస్టు రాసి, బిగించి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏడు నిమిషాలు గడిచాయి. పదకొండు గడిచాయి. ఇరవై గడిచాక ఏడుపు ఆపి టైపు చేయడం మొదలుపెట్టాను. గదంతా నాన్న వాసన. రేకుల సందుల్లో దిగిన అత్తరు వేడికి మేలుకున్నట్టుంది. అమ్మ వచ్చి నా వెనక నేలమీద కూర్చుంది, సాయంత్రం దాకా లేవలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకే కంకిపాడులో బస్సు దిగాను. పేపర్లు తీసుకున్నారు, వచ్చే ఏడాది పనీ ఇచ్చారు. నేను డాక్టరుగారింట్లో అన్న మాట ఈలోగా వీధంతా తిరిగి అన్నయ్య చెవినీ పడింది. పెద్దమనుషుల ఊసు మళ్లీ ఎత్తలేదు.

మంగళవారం పనేమీ లేదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి పడుకున్నాను. కరెంటు బిల్లు దండగ, ఆపెయ్యవే అని ఎప్పుడూ నా వెంటపడే అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ పని లేదా?"

"లేదు."

లోపలికొచ్చి గుడ్డ తీసి మడతపెట్టింది. "ఊరికే అయినా వెయ్యవే. కొంచెం వేడెక్కేదాకా."