పుట్టగొడుగు తోకకు అంటిన మన్ను

1996 జూన్‌లో నన్ను తిరుపతిలోని ఒక ఆహార పరీక్షా ప్రయోగశాలకు సీనియర్ అనలిస్టుగా బదిలీ చేశారు. నేను అడిగింది చిత్తూరు. ఎందుకివ్వలేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. రేడియోధార్మికత కొలిచే గది నా బాధ్యత. ఆ గదికి ఫ్యాను కూడా అర్జీ మీద అర్జీ పెడితేనే వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక ఆసామి సంచితో వచ్చాడు. తిరుచానూరు దగ్గర షెడ్లలో పుట్టగొడుగులు పెంచి అమ్మేవాడు. సంచిలో ఉన్నవి మాత్రం పలమనేరు రోడ్డు పక్కన అమ్మే అడవి పుట్టగొడుగులు. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఐరోపా అడవుల్లో ఇలాంటివాటిలో సీజియం అనే రేడియోధార్మిక మూలకం చేరిందని పేపర్లో చదివాడట, జనం ఆరోగ్యం గురించి బెంగట. తనకు పోటీ వచ్చే సరుకు మీదే ఆ బెంగ ఎందుకు పుట్టిందని అడిగాను. మా విభాగాధిపతి అతని ముందే, "నీకు అన్నం మీద కూడా అనుమానమేనయ్యా" అన్నారు.

కొలత పద్ధతి ఇది. నమూనాను తరిగి డబ్బాలో నింపి, మందపాటి సీసం పెట్టెలో, కిరణాలను పసిగట్టే స్ఫటికం మీద గంటల తరబడి ఉంచుతాం. ఖాళీ డబ్బాకు వచ్చిన లెక్కను అందులోంచి తీసేస్తాం. ఒక్కో మూలకం గ్రాఫులో తనకంటూ ఉన్న చోట శిఖరంలా లేస్తుంది. ఆ సరుకుకు సీజియం చోట ఒక ఉబ్బు కనిపించింది. అధిపతి "సీజియం" అని రాసి నన్ను సంతకం పెట్టమన్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. సీజియం ఒంటరిగా వస్తుంది. ఇక్కడ కుడివైపున ఇంకొన్ని చిన్న శిఖరాలున్నాయి. నేలలో సహజంగా ఉండే ఒక రకం బిస్మత్ సరిగ్గా సీజియం పక్కనే లేస్తుంది, అదీ ఇలాంటి చిన్న శిఖరాల బంధుబలగంతో. మా పాత స్ఫటికానికి ఆ రెండింటినీ విడదీసే చూపు లేదు. సంతకం పెట్టనన్నాను. "అయితే పోయి గిన్నెలు కడుక్కో" అన్నారు. నివేదిక వెళ్లకముందే ఫోను వెళ్లింది. ఫుడ్ ఇన్‌స్పెక్టరు పలమనేరులో అమ్మకం ఆపించాడు.

సెలవు పెట్టి పలమనేరు బస్సెక్కాను. అక్కడ అమ్మే రెడ్డెమ్మ గంప మీద గోనె కప్పి కూర్చుని ఉంది. ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే లేచింది.

"నా పుట్టగొడుగుల్లో ఇసం ఉండాదని సెప్పింది నువ్వేనా అబ్బా? ఈ వానలు పోతే మళ్లీ ఏటికి గదా నాకు యాపారం!"

పరీక్షకు కొన్ని కావాలి, కడిగి ఇవ్వమన్నాను.

"కడిగితే ఎవురు కొంటారప్పా? తోకా, దానికంటిన పుట్టమన్నూ సూసే గదా ఇది కుక్కగొడుగు కాదని నమ్మేది. కడగమంటా ఉండావంటే నాకు నీమీదే అనుమానం!"

పక్కన జామకాయలమ్మే ఆమె అందుకుంది: "ఆ షెడ్డోడి సుట్టమేమో సూడక్కా!"

నిందపడితే పడ్డాను, విషయం మాత్రం అక్కడే తగిలింది. నమూనాను వచ్చింది వచ్చినట్టే కొలవాలని అధిపతి పెట్టిన నియమం. ఆ ప్రకారం మేము పుట్టలోకి దిగే ఆ వేరులాంటి తోకలను మన్నుతో సహా తరిగి లెక్కించాం.

ఆమె ఇచ్చినవాటినీ, సంచిలో మిగిలినవాటినీ కడిగాను. మన్ను విడిగా, కడిగిన పుట్టగొడుగులు విడిగా లెక్కించాను. పుట్టగొడుగుల్లో ఆ ఉబ్బు లేదు, తిండి పదార్థాల్లో మామూలుగా ఉండే పొటాషియం శిఖరం మాత్రమే ఉంది. మన్నులో ఉబ్బూ ఉంది, దాని బలగమూ ఉంది. అంటే అది నేలలోని బిస్మతే, సీజియం కాదు.

అధిపతి గ్రాఫులు చూసి, "నేను ముందే అనుకున్నాను" అన్నారు. అమ్మకం మీద ఆంక్ష తీసేశారు. వానలింకా వెళ్లలేదు కాబట్టి రెడ్డెమ్మ గంప మళ్లీ రోడ్డు పక్కకు వచ్చింది. నివేదికలో విశ్లేషణ అధిపతి పేరున వెళ్లింది. నా పేరు అట్టడుగున ఉంది: నమూనాలు కడిగినవారు.

ఆ ఆసామి బాగా మన్నున్నవే ఏరి తెచ్చాడా అన్నది తేలలేదు. నాకు తేలనక్కర్లేదు.

కొనేవాళ్ల అనుమానం తీర్చడానికి ఉంచిన మన్నే మాకు అనుమానం పుట్టించింది. యంత్రం డబ్బాలో ఉన్నదంతా లెక్కిస్తుంది. అందులో తినేదేదో, పారేసేదేదో దానికి తెలియదు. తినేవాడు కడుక్కుని తింటే, కొలిచేవాడూ కడిగే కొలవాలి. తర్వాత మా ప్రయోగశాలలో అదే నియమమైంది. దాని కింద సంతకం మాత్రం అధిపతిది.