నిన్నటి సంగతి అడిగే మనిషి

మా ఆడబిడ్డ పోయిన కబురు నాకు పెనుకొండలో అందింది. ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకొని, పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి వెళ్ళాను. తమలపాకుల దండ ఇంకా నా బుట్టలోనే ఉంది. ఫోన్‌లో మా ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "వచ్చేయ్. పాప పాయె," అన్నాడు. చెల్లెల్ని ఆయన చిన్నప్పటినుంచీ పాప అనే పిలిచేవాడు. ఆయన వెనకాల మగ్గం చప్పుడు లేదు. ఆ మాట కన్నా ఆ నిశ్శబ్దమే నాకు ముందు అర్థమైంది.

దండను పూజారి చేతికిచ్చి, నమస్కారం చేసుకొనే వచ్చాను. నా మొక్కు ఆమె బతకాలని కాదు. ఆ ఆశ అప్పటికే వదులుకొన్నాం. నొప్పి లేకుండా తీసుకుపో స్వామీ అని మొక్కాను. ఆయన విన్నాడు. విన్న దేవుడికి పూజ మానకూడదు కదా.

ఇప్పుడు దినాలన్నీ అయిపోయాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఒళ్ళంతా అలసటగా ఉంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు, పడుకుంటే నిద్ర రాదు. ఈ అలసటలోనే ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది. నేను హైస్కూలు దాకా చదివినదాన్ని. ఆమె చదువు నాకు పూర్తిగా తెలియదు. ఆమె మాత్రం నాకు తెలుసు.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా ఆడబిడ్డ ఆ ఇంట్లో మగ్గం పక్కన కండెలకు దారం చుడుతూ చదువుకొంది. తర్వాత బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ మహానగరంలో ఉండడం ఇష్టం లేక హిందూపురంలో గది తీసుకొని, రోజూ రైల్లో పోయి వచ్చేది. పెళ్ళి మాట ఎత్తితే నవ్వేది. చివరికి మేమే ఎత్తడం మానుకున్నాం.

సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్‌లో ఏదో రాసే పని అనుకొనేవాళ్ళం. ఆమెది అది కాదు. రాసేవాళ్ళు రాయకముందే, రేపు దాన్ని వాడుకొనే మనుషుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు నిజంగా ఏం కావాలో కనుక్కొని రావాలి. రిక్వైర్‌మెంట్స్ అంటారట. ఈ సంగతి విని మా ఎదురింటి నేతగాడు పగలబడి నవ్వాడు.

"ఏమ్మా, అడిగేదానికి గూడా జీతమిస్తారా? మా ఇంటిదానికి ఇప్పించు. పొద్దన లేసినకాడ్నుంచీ అడగతానే ఉంటాది!"

"అడగడం ఆమెకు వచ్చుగాని మామా, నీకు చెప్పడం వస్తాదా?" అంది మా ఆడబిడ్డ. ఎదురింటామె లోపలినుంచే చప్పట్లు కొట్టింది.

ఆ మాట అన్నదే గాని, చెప్పడం ఎంత కష్టమో ఆమె తెలుసుకొన్నది మా వీధిలోనే.

ఆమె కంపెనీ వాళ్ళు నేతగాళ్ళ కోసం ఒక యాప్ చేయాలనుకొన్నారు. చీర ఎంతవరకు అయిందో నేతగాడు రోజూ ఫోన్‌లో తెలిపితే, షావుకారు పట్టూ జరీ సమయానికి పంపుతాడు. మంచి ఆలోచనే. మా వీధి అమ్మాయే కాబట్టి కనుక్కొనే పని ఆమెకే అప్పగించారు. ఆమె ఇంటింటికీ పోయి, "ఇట్లాంటిది ఉంటే బాగుంటుందా?" అని అడిగింది. మొట్టమొదట "బాగుంటాది" అన్నది మా ఆయన. ఆయన వెనక వీధి వీధంతా బాగుంటుందనే చెప్పింది.

యాప్ వచ్చింది. అందరి ఫోన్లలోనూ పెట్టించారు. సాయంత్రం అయ్యేసరికి అది "ఈ రోజు ఎంత నేశారు?" అని అడిగేది. ఒక్కరు కూడా జవాబివ్వలేదు.

ఎందుకంటే మా వీధిలో చీర మగ్గం మీద ఉండగా ఎంతయిందో పైకి చెప్పం. దిష్టి అంటారు, పోగు తెగుతుందంటారు. షావుకారు అడిగినా "అవుతాంది" అంటామే గాని కొలత చెప్పం. చీర కోసి చేతికిచ్చినప్పుడే మాట. ఇది మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమెకు కూడా తెలుసు.

కంపెనీలో నలుగురి ముందు మాట పడి వచ్చిన రోజు ఆమె మా వంటింటి గడప మీద కూలబడింది. "నేను ఈ మగ్గం పక్కన పెరిగినదాన్నే గదా వదినా. నాకెట్ల గుర్తుకు రాల్యా? సరే, నాకు గుర్తుకు రాల్యా. వీళ్ళంతా బాగుంటాదని ఎందుకు చెప్పినారు?"

మా ఆయన కాళ్ళు దించుకొని కూర్చొనే మగ్గం గుంటలో నుంచే జవాబిచ్చాడు. "ఆడపిల్ల ఇంటికొచ్చి నోరు తెరిచి అడిగితే, కాదని పంపుతామా పాపా?"

"పసుపు కుంకుమ పెట్టి పంపినట్ల 'అవును' పెట్టి పంపినారు నన్ను," అంది. ఏడుస్తుందేమో అనుకొన్నాను. తినడానికి ఉగ్గాని ఉందా అని అడిగింది.

ఆనాటి నుంచి ఆమె "ఏం కావాలి?" అని ఎవరినీ అడగలేదు. "నిన్న ఏం చేసినారు? లేచినకాడ్నుంచీ చెప్పండి" అనేది. రేపటి గురించి అడిగితే మనిషి మర్యాద కోసం చెప్తాడు, నిన్నటి గురించైతే జరిగింది చెప్తాడు అనేది. అడిగి, ఎదుటివాళ్ళ ముఖం చూడకుండా, చేతి గాజును మెల్లగా తిప్పుకొంటూ కూర్చొనేది. తొందర చేసేది కాదు. ఒకసారి ఆమెతో కలిసి నేను రైల్లో హిందూపురం పోతుంటే, పెనుకొండలో చింతపండు మూటతో ఒక అవ్వ ఎక్కింది. ఆ అవ్వనూ అదే అడిగింది. అవ్వ హిందూపురం దాకా చెప్తూనే ఉంది. కోడలి సంగతి, మోకాళ్ళ సంగతి, మండీలో తూకం సంగతి. దిగేటప్పుడు మూట నెత్తిన పెట్టించుకొంటూ, "పోలీసోళ్ళు గూడా ఇన్ని అడగరే తల్లీ! అయినా చెప్తాంటే పానం తేలిగ్గా ఉండాది," అని పోయింది.

ఆ తర్వాత ఆమె ఉద్యోగం చేస్తూనే దీని మీద పరిశోధనకు చేరింది. మర్యాద కోసం చెప్పిన 'అవును'ను ఎట్లా గుర్తుపట్టాలి అన్నదే ఆమె చదువు. కాలేజీలో సారు, ఒక వీధి కథ చాలదు, ఇంకా చాలామందిని అడిగి లెక్కలు తెమ్మనేవాడు. కంపెనీలో మేనేజరు, వాళ్ళు ఒప్పుకొని సంతకం పెట్టారు కదా, ఇంకేం కావాలి అనేవాడు. "ఆడ పుస్తకాల్లో అన్నీ రాసుండాది వదినా, చేసేవాళ్ళు చదవరు. ఈడ చేసేవాళ్ళకు అన్నీ తెలుసు, రాసేదానికి టైము లేదు. నడుమన నేను రైల్లో తిరగతాండా," అని కాళ్ళు చాపుకొని నవ్వేది. ఆ నవ్వులో అలసట నాకు తెలిసేది. ఆ పరిశోధన పూర్తి కాకుండానే జబ్బు బయటపడింది.

బెంగుళూరు ఆస్పత్రిలో చేయవలసిందంతా చేయించి, మా ఇంటికి తెచ్చుకొన్నాం. మగ్గం ఉన్న గదికి ఆనుకొన్న గదిలో చాప మీద పరుపు వేశాం. కొన్నాళ్ళకు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఇంకోసారి మందు ఎక్కించి చూడవచ్చు, నమ్మకం మాత్రం ఇవ్వలేం అన్నారు. మా ఆయన ఆ "చూడవచ్చు" అన్న మాటనే పట్టుకొన్నాడు.

"పోదామా పాపా?"

"నీ ఇష్టం అన్నా. పోదాంలే."

ఆ సాయంత్రమే కారు మాట్లాడాడు. మర్నాడు పొద్దున నేను బట్టలు సర్దబోయి ఆగాను. ఆ "పోదాంలే" ఎక్కడో విన్నట్టుంది. దేవుడి ముందు దీపం పెట్టి కాసేపు కూర్చొన్నాను. తర్వాత ఆమె తల దువ్వుతూ, వెనకనుంచే అడిగాను.

"నిన్న ఎట్ల గడిచిందో చెప్పమ్మా. లేచినకాడ్నుంచీ."

ఆమె మెల్లగా తల తిప్పింది. "నా పాఠం నాకే చెప్తాండావా వదినా?"

దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసుకొంటూ కూర్చొన్నాను. చాలాసేపటికి ఆమె గాజు తిప్పడం మొదలుపెట్టింది.

"పొద్దన జావ తాగితే నిలబడల్యా. అన్న మగ్గం చప్పుడు వింటా అట్లే పండుకొన్యా. మద్యానం నాకు నిద్ర పట్టాలని అన్న మగ్గం ఆపేసినాడు సూడు, అప్పుడు భయమేసింది. యాడున్నానో తెలీల్యా. మళ్ళా చప్పుడు మొదలైనాక నిద్ర పట్టె. సాయంత్రం మీరు కారు మాట మాట్లాడతాంటే కాళ్ళు చల్లబడిపాయె." ఊపిరి తీసుకొంది. "ఆ ఆస్పత్రి మిషన్ల చప్పుడులో పోవడం నాకొద్దు వదినా."

"మరి అన్నతో చెప్పచ్చు గదా తల్లీ?"

"అంత ఆశగా అడిగితే కాదని ఎట్ల పంపేది?"

మా ఆయన మగ్గం గుంటలో కూర్చొని పోగులు సరిచేస్తున్నాడు. చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "నేనడిగితే సరే అనె గదా! నీతో ఇంకోటి చెప్తాదా?"

"మీరు అడిగినారు గాబట్టే సరే అనింది," అన్నాను. అంతకంటే గట్టిగా మాట్లాడడం నాకు రాదు.

ఆయన నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఆ గోడ అవతలే ఆమె ఉంది. ఎప్పుడో ఆ వంటింటి గడప మీద కూలబడిన చెల్లెలికి తాను చెప్పిన జవాబు గుర్తొచ్చిందేమో, కండువాతో ముఖం తుడుచుకొన్నాడు. కారు వద్దని ఫోన్ చేశాడు. మగ్గం మీద కొత్త చీర మొదలుపెట్టాడు. ఆమె మేలుకొని ఉన్నంతసేపూ, నిద్రపోతున్నా సరే, పోగుల మధ్య నాడె ఆడిస్తూనే ఉన్నాడు. ఆయన భుజాలు వాచిపోతే నేను నూనె రాశాను. ఆ చప్పుడు మధ్యనే ఆమె పోయింది. ఊపిరి ఆగిందని తెలిసిన తర్వాతే ఆయన మగ్గం ఆపాడట.

మైల తీరాక నిన్న మగ్గానికి దీపం చూపించి, బొట్టు పెట్టాను. ఆయన గుంటలోకి దిగాడు. ఎదురింటి మామ పలకరించడానికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, "చీర ఎంతవరకు వచ్చెనప్పా?" అన్నాడు.

"అవుతాంది," అన్నాడు మా ఆయన.

మామ వెళ్ళిపోయాడు. నేను వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. నాడె కొన్నిసార్లు అటూ ఇటూ ఆడి ఆగింది. తొంగి చూస్తే, ఆయన పక్కగది వైపు తిరిగి ఉన్నాడు. అక్కడ పరుపు తీసేశాం, చాప ఒక్కటే చుట్టి గోడకు ఆనించి ఉంది. ఆయన అరచేతి బెత్తతో చీరను కొలిచి చూసుకొన్నాడు.

"సగం గూడా కాలేదు పాపా," అన్నాడు చాపతో.