పడవ ముసలమ్మను చంపొద్దన్నారు

మా పక్కింటాయన మంగళవారం ఉదయం ఆరూ పదికి ఆస్పత్రిలో చనిపోయారు. వయసు డెబ్బై ఒకటి. రెండోసారి వచ్చిన పక్షవాతం కారణమని డాక్టర్ రాశారు. ఆ ఉదయం శాన్ ఫ్రాన్సిస్కోలో అచ్చయ్యే ఒక చైనీస్ దినపత్రిక ఏడో పేజీలో ఆయన సీరియల్ నవల యథాప్రకారం వచ్చింది. బుధవారం వచ్చింది. నేను ఇది రాస్తున్న గురువారం కూడా వచ్చింది. ఆయన మరణ వార్త మాత్రం ఆ పత్రికలో రాలేదు.

ఆయన కత్తియుద్ధాల నవలలు రాసేవారు. చైనీస్ పాఠకుల్లో వాటికి ఒకప్పటి మన డిటెక్టివ్ నవలలకున్నంత గిరాకీ. హాంకాంగ్‌లో ఉండగా వాటిని తానే సినిమాలుగా కూడా తీశారు. డెబ్బైల చివర ఒక అమెరికన్ నిర్మాత పిలిస్తే కాలిఫోర్నియా వచ్చారు. కథ ఆయనది. షూటింగ్ మొదలయ్యేసరికి దర్శకుడు వేరొకరు. విడుదలయ్యేసరికి టైటిల్స్‌లో ఆయన పేరు ఫైట్ మాస్టర్ సహాయకుల వరుసలో ఉంది. ఆ తర్వాత ఆయన సినిమా తీయలేదు. సన్నీవేల్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుని, ఆ దినపత్రికకు రోజుకో భాగం చొప్పున రాస్తూ వచ్చారు.

ఆయన సొంత పేరు పాఠకులెవరికీ తెలియదు. కలం పేరు ఇప్పుడు ఆయనది కాదు. అందుకే రెండూ ఇక్కడ రాయడం లేదు.

నేను ఇక్కడి ఒక ఇంగ్లీషు దినపత్రికలో రిపోర్టర్‌ని. నా భార్య నర్సు. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చాక మేం ఇల్లు చేరేదాకా, ఆరేళ్లపాటు, ఆయన వంటింటి బల్ల దగ్గరే కూర్చుని హోంవర్క్ చేసుకుంది. ఆయన నారింజపండు ఒలిచి పెట్టేవారు. థాంక్స్ చెబితే వినిపించనట్టు ఉండేవారు. ఒకరోజు మా అమ్మాయి వీడియో షాపు నుంచి ఆయన పాత సినిమా క్యాసెట్ తెచ్చింది. ఇంగ్లీషులోకి డబ్ చేసింది. మా హాల్లో అందరం కూర్చుని చూశాం.

"నోరు పది మాటలు అంటోంది, వినపడేవి రెండే," అన్నారాయన తనకొచ్చిన ఇంగ్లీషులో. "మిగతా ఎనిమిదీ ఎవడు తిన్నాడు?"

"అంకుల్, ఆ తాతని ఎందుకు కిల్ చేశారు? హీ వాజ్ సో నైస్!" అంది మా అమ్మాయి.

"నీకు నచ్చాడు కదా. అందుకే."

"దట్స్ మీన్!"

"కాదు, పని. చదివేవాడికి ఎవరు ఇష్టమో కనుక్కో. ముందు వాణ్ని చంపు. మిగతావాళ్ల కోసం భయపడుతూ మర్నాడు మళ్లీ పేపరు కొంటాడు."

నా భార్య వంటింట్లోంచి నన్ను పిలిచి, "ఏవండీ, ఆయన మన పిల్లకి ఏం నేర్పుతున్నారో విన్నారా?" అంది.

"లెక్కలు కాదని మాత్రం తెలుస్తోంది," అన్నాను.

ఆ సినిమాలో ఒక ఫైటర్ మేడ మీద నుంచి పడే దృశ్యం ఉంది. ఆ పడటం చాలా సహజంగా ఉంది. ఆయనే చెప్పారు: రెండుసార్లు తీసినా నచ్చలేదు, మూడోసారి ఎక్కించారు, మూడోసారి అతని నడుము విరిగింది. సినిమాలో ఉన్నది మూడోదే.

"ఆ షాట్ తీసేయాల్సింది," అన్నాను.

"తీసేస్తే అతను ఊరికే పడ్డట్టు అయ్యేది."

ఆయన మంచివారని నేను రాయను. నేర్పడానికి వెనకాడేవారు కాదని రాస్తాను. నా వార్తలు ఇంగ్లీషులో కూడబలుక్కుంటూ చదివి, "ఎవరు చచ్చారు, ఎప్పుడు, ఇక్కడున్నాయి. ఈ రెండో పేరా ఎందుకు?" అని అడిగేవారు. చాలాసార్లు ఆ పేరా కొట్టేసేవాణ్ని. రోజువారీ భాగం ఎక్కడ ఆపాలో కూడా చెప్పారు. తలుపు తెరిచాక కాదు, తలుపు మీద చెయ్యి వేశాక.

చైనీస్ పత్రికల్లో ఒక వాడుక ఉంది. సీరియల్ రాసే మనిషి జబ్బు పడినా, ఊరెళ్లినా, ఆయన కలం పేరు మీదే ఇంకొకరు బదులు రాస్తారు. పాఠకులకు చెప్పరు. బదులు రాసేవాళ్లు మూడు పనులు చేయకూడదు. ఎవరినీ చంపకూడదు, ఎవరికీ పెళ్లి చేయకూడదు, ఎవరినీ ఊరు దాటించకూడదు. అసలు రచయిత తిరిగొచ్చేసరికి పాత్రలన్నీ ఉన్నచోటే ఉండాలి.

ఆయన కెరీర్ ఆ నియమం తప్పడంతోనే మొదలైంది. కుర్రతనంలో, కంటి ఆపరేషన్‌కు వెళ్లిన తన గురువు బదులు రెండు వారాలు రాస్తూ నాయికను చంపేశారు. ఇది ఆయన చెప్పింది. వేరే ఆధారం నాకు దొరకలేదు.

"గురువుగారు ఏమన్నారు?" అని అడిగాను.

"చదివారు. నాకు టీ పోశారు. బాగా రాశావన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకేం రాయలేదు."

"తప్పనిపించలేదా?"

"పేపరు ఎక్కువ అమ్ముడుపోయింది, రిపోర్టర్."

మొన్న నవంబరులో ఆయనకు మొదటిసారి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది. మాట ముద్దగా మారింది. అప్పటికి నవలలో శత్రువుల నుంచి పారిపోతున్న ఏడుగురు నది ఒడ్డుకు చేరారు. వాళ్లను దాటించడానికి పడవ నడిపే ముసలమ్మ ఒకామె సిద్ధంగా ఉంది. వాన మొదలైంది. ఎనిమిదేళ్లుగా ఆయన సీరియళ్లకు అక్షరాలు కూర్చిన కంపోజిటర్‌ను ఆయన బదులు రాయమని ఎడిటర్ చెప్పాడు. ఆమె నియమం తప్పలేదు. ఐదు వారాలపాటు ఏడో పేజీలో వాన కురుస్తూనే ఉంది. ఈ వాన ఎప్పుడు ఆగుతుందని పాఠకులు ఉత్తరాలు రాశారు.

ఆయన ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టారు. గళ్ల కాగితం ఒక్కటి నిండడానికి ఒక పూట పట్టేది. జనవరిలో నాలుగు కాగితాలు పూర్తయ్యాక శాన్ ఫ్రాన్సిస్కోకు డ్రైవ్ చేయమని నన్ను అడిగారు. పత్రికాఫీసులో మాటలు చైనీస్‌లో సాగాయి. కింద రాసినవి ఆ తర్వాత కంపోజిటర్ నాకు ఇంగ్లీషులో చెప్పినవి. ఎడిటర్‌ను అడిగితే కాదనలేదు.

"మీరు విశ్రాంతి తీసుకోండి, మాస్టారూ," అన్నాడు ఎడిటర్. "మీ పేరు ఎక్కడికీ పోదు. ఏడో పేజీలో అలాగే ఉంటుంది."

"పేరు సరే. నవల నేను ముగిస్తాను."

"పేరు మాది కదా, మాస్టారూ. ఆ పేరు మీద వచ్చే నవల కూడా మాదే."

అది నిజం. ఒప్పందం కాగితం నేను చూశాను. ఆయన కలం పేరుతో దొంగ నవలలు బజార్లోకి వస్తుంటే, వాటిని ఆపడానికి ఆ పేరును పత్రిక పేరిట రిజిస్టర్ చేయమని అడిగింది ఆయనే.

ఎడిటర్ ఆ నాలుగు కాగితాలూ తిరగేసి, అక్షరాలు పోల్చుకోలేక కంపోజిటర్‌కు ఇచ్చాడు. ఆమె నిలబడే పైకి చదివింది. చదవడం అయ్యాక ఆయన ఆమెనే అడిగారు.

"ఎలా ఉంది?"

"బాగోలేదు, మాస్టారూ."

"ఎక్కడ?"

"అందరూ బతికి బయటపడుతున్నారు. మీరు రాసినట్టు లేదు."

ఆయన కాగితాల కోసం ఎడమచెయ్యి చాచారు. నాకు భాష తెలియకపోయినా ఏం జరిగిందో తెలిసింది. ఆ తర్వాత ఆయన కాగితాలు వెనక్కి తీసుకుని, "ముగింపు నువ్వే రాయి. పడవ ముసలమ్మను మాత్రం చంపొద్దు," అన్నారు.

"అందరికీ ఇష్టమైన పాత్ర ఆవిడే," అన్నాడు ఎడిటర్. "ఉత్తరాలన్నీ ఆవిడ గురించే. ఏం చేయాలో మీకు మేం చెప్పాలా?"

కంపోజిటర్ తల దించుకుంది. "మీరు నేర్పిందే కదా, మాస్టారూ," అంది.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో సగం దారి వచ్చాం. అప్పుడాయన ఒక్కో మాటా కూడదీసుకుని, "రిపోర్టర్‌వి కదా, ఆ ముసలమ్మ ఎవరని అడగవేం?" అన్నారు.

"ఎవరు సార్?"

"ఎవరూ కాదు. ఒక్క మనిషైనా అవతలి ఒడ్డుకు చేరాలి. అంతే."

ఆ సాయంత్రం కంపోజిటర్ ఎడిటర్‌తో ఒక మాట చెప్పింది. ఆయన పత్రిక చదవగలిగినన్నాళ్లు వాన ఆపనంది. కావాలంటే ఉద్యోగంలోంచి తీసేయమంది. ఆమెలా ఆయన శైలి పట్టుకోగలవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి ఎడిటర్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన ప్రతి ఉదయం ఏడో పేజీ తెరిచి, వాన పడుతోందో లేదో చూసుకుని, పేపరు మడిచేవారు. ఆస్పత్రికి పేపరు మా అమ్మాయి పట్టుకెళ్లేది. సోమవారం కూడా చూశారు.

మంగళవారం నేను ఎడిటర్‌కు ఫోన్ చేసి చెప్పాను. సంతాపం తెలిపాడు. వార్త ఎప్పుడు వేస్తారని అడిగాను. "సీరియల్ నడుస్తుండగా రచయిత పోయాడని ఎలా వేస్తామండీ?" అన్నాడు. మా పత్రికకు నేను పన్నెండు లైన్లు రాసిచ్చాను. ఆయన సొంత పేరు, వయసు, స్మశానం వివరాలు ఉంచి, మిగతాది డెస్క్‌లో కొట్టేశారు. ఈ ఊళ్లో ఆయన నవలలు ఎవరికి తెలుసని అడిగారు. ఆయన చేసిన పని గురించి అచ్చులో వస్తున్నది ఈ తెలుగు వ్యాసం ఒక్కటే. ఆయన దీన్ని చదవగలిగేవారు కాదు.

ఈ ఆదివారం దాకా వచ్చే వాన ఆయన బతికుండగానే కూర్చినది. నిన్న సాయంత్రం కంపోజిటర్ ఫోన్ చేసింది. "ఇంక వాన కురిపించడానికి నాకు కారణం లేదు," అంది. శనివారం పదింటికి అంత్యక్రియలు. ఆమె రావడం లేదు. ఆ పూట ఆమె సోమవారం పేజీ కూర్చాలి. సోమవారం భాగంలో వాన వెలుస్తుంది, పడవ కదులుతుంది, నది మధ్యలో ముసలమ్మకు బాణం తగులుతుంది. మంగళవారం నవల ముగుస్తుంది. బుధవారం ఏడో పేజీలో అదే కలం పేరుతో కొత్త నవల మొదలవుతుంది.