గోలీల మిషన్‌కు పెట్టిన బొట్టు

నలుగురు మనుషులు ఆ మిషన్‌ను మోసుకొచ్చి మా ముందుగదిలో దించిన రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. సారపాక కాగితం మిల్లు క్వార్టర్‌లో మాకున్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. మంచం తీసి వరండాలో వేస్తే తప్ప అది పట్టలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఉన్న కష్టం చాలక ఇదొకటా అనుకున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన మిల్లులో ఎలక్ట్రీషియన్. ఆ ఎండాకాలం కుసుమంచిలో వాళ్లమ్మను చూసి తిరిగొస్తూ మోటార్‌సైకిల్ మీంచి జారి పడ్డారు. మణికట్టు విరిగింది. ఎముకైతే అతికింది గాని, కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ ఆయన మాట వినడం మానేశాయి. చొక్కా గుండీలు నేను పెట్టాలి. అన్నంలో ఎడమచెయ్యి పెట్టడం ఆయనకు చావుతో సమానం. కుడిచేతిలో చెంచా పెట్టుకుని, సగం కంచంలోనే ఒలకబోసుకుంటూ తినేవారు. చలికాలం పోయాక మళ్లీ చూస్తానని డాక్టరు చెప్పాడు. వేళ్లు పనిచేస్తే పాత సెక్షన్, లేకపోతే గేటు డ్యూటీ. వెదురు లారీ వస్తే కడ్డీ ఎత్తడం, పోయాక దించడం.

"గేటు కాడ కూసోబెడితే నేను బతికున్నట్టా?" అనేవారు ఆయన, రోజూ.

మిషన్ మిల్లు క్లబ్బుది. ఎప్పుడో యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్ల కాలక్షేపానికి తెప్పించారట. వాళ్లు పోయాక పాడైపోయి, గోనెపట్టా కింద పడి ఉంటే, బాగుచేసుకుంటే నీదే తీసుకుపో అన్నారట క్లబ్బువాళ్లు ఈయనతో. ఏటవాలు బల్ల, దాని మీద అద్దం. స్ప్రింగు లాగి వదిలితే ఇనుప గోలీ పైకి పోయి, గంటల్ని తాకుతూ కిందికి దొర్లుతుంది. కింద రెండు రెక్కలు. పెట్టెకు అటొకటి ఇటొకటి ఉన్న బటన్లు నొక్కితే ఆ రెక్కలు లేచి గోలీని మళ్లీ పైకి కొడతాయి. సమయానికి నొక్కలేదా, గోలీ గుంటలో పడుతుంది. ఇంతే ఆట. ఎదురుగా నిలబెట్టిన గాజు పలక మీద పొట్టి గౌన్ల దొరసానుల బొమ్మలుండేవి. మా అత్తగారు వచ్చినప్పుడల్లా వాటి మీద తువ్వాలు కప్పేవారు.

బల్ల ఎత్తి చూస్తే లోపల ఎలుకల గూడు, దాని చుట్టూ లెక్కలేనన్ని వైర్లు. ఎండిపోయిన రబ్బర్ల బదులు పాత సైకిల్ ట్యూబును రింగులుగా కోసి తొడిగాం. తుప్పు పట్టిన గోలీ బదులు బేరింగు గోలీ వేశాం. తొడిగాం, వేశాం అంటున్నాను గాని చెయ్యి నాది, నోరు ఆయనది.

"పట్టుకో. ఆఁ, వదులు. గట్ల కాదే, మెల్లగ!"

పొయ్యి మీద పప్పు పొంగిపోతుంటే నేను పలచటి రేకు ముక్కల్ని ఆకురాయితో రుద్దుతూ కూర్చునేదాన్ని. ఆ రేకులు ఒకదాన్నొకటి తాకితేనే కరెంటు పారుతుంది, కాంటాక్టులంటారు వాటిని. పొద్దున లేస్తే ఆయన స్నానం, ఆయన బట్టలు, ఆయన మందులు, మధ్యాహ్నం నుంచి ఈ మిషన్. నా చేతులు నావి కాకుండా పోయాయి ఆ ఏడాది. ఆ మాట ఆయనతో అనలేదు. చెయ్యి పడిపోయిన మనిషితో చేతుల గురించి ఏం మాట్లాడతాం?

దసరా నాటికి అన్నీ సిద్ధమయ్యాయి. పూజ అయ్యాకే ఆడదామన్నారు. మా పుట్టిల్లు కల్లూరులో నాగలికీ, మోటారుకూ, బండి ఇరుసుకూ బొట్టు పెట్టకుండా దసరా లేదు. నేను పటకారుకు, టెస్టర్‌కు, స్క్రూడ్రైవర్లకు పెట్టాను. మిషన్ బల్ల ఎత్తి, లోపల కదిలే ప్రతిదానికీ తడికుంకుమ పెట్టాను. ఆయన చెయ్యి బాగుపడాలని మొక్కుకుంటూ మరీ పెట్టాను.

స్విచ్చి వేస్తే దీపాలు వెలిగాయి. ఎడమ రెక్క లేచింది. కుడిది లేవలేదు. ఆయన వంగి చూస్తే కాంటాక్టుల మధ్య ఎర్రగా కుంకుమ.

"ఏందే ఇది? నీకు బుద్ధున్నదా?"

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. పెట్రోలులో ముంచిన బ్రష్షుతో కడిగాను. కాంటాక్టుల మధ్య కాగితం పెట్టి లాగాను. మొదట ఎర్రగా వచ్చింది, తర్వాత లేత గులాబీ రంగులో, ఆఖరికి తెల్లగా. తెల్లగా వచ్చాక కూడా చాలాసేపు లాగాను.

ఆ తర్వాత రెక్క లేచింది. కానీ ఆయన ఆడితే గోలీ ఎప్పుడూ కుడివైపు నుంచే గుంటలో పడేది. రెక్క ఆలస్యంగా లేచేది. మళ్లీ బల్ల ఎత్తడం, మళ్లీ రుద్దడం. స్ప్రింగు మార్చాం, రెక్కను లేపే కాయిల్‌కు తీగ కొత్తగా చుట్టాం. నేను నొక్కి చూస్తే ఠక్కున లేచేది.

"ఉత్తగ నొక్కితే లేస్తది. గోలీ వచ్చినప్పుడే ఆగుతున్నది. నీ కుంకుమ ఏడనో దాసుకున్నది," అనేవారు.

నాకు అర్థమైపోయింది. లోపం మిషన్‌లో లేదు. కానీ కుంకుమ కాదంటే మరేమిటని చెప్పాలి? కుంకుమైతే నా తప్పు, కాకపోతే ఆయన వేళ్లు. ఈ మిషన్ సరిగ్గా నడిచిన రోజు తన చెయ్యి కూడా బాగుపడ్డట్టేనని ఆయన మనసులో పెట్టుకున్నారు. నా తప్పే ఉండనీ అనుకున్నాను. రోజూ తిట్లు తింటూ, తెల్లటి కాగితాన్నే లాగుతూ వచ్చాను. విసుగొచ్చేది, నిద్ర చాలేది కాదు.

చలికాలంలో అత్తగారు వచ్చారు. ముందుగదిలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ కొడుకు ఆట చూస్తున్నారు. గోలీ మళ్లీ కుడివైపే పడింది. ఈయన మిషన్‌ను ఒక తన్ను తన్నారు. ఆమె నవ్వేశారు.

"ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది కొడకా నీ కత!"

వంటింట్లో పప్పు కలుపుతున్న నేను భయంగా ఆయన వైపు చూశాను. ఆమె ఊరికే అన్నమాటే అది. ఆయన మాత్రం నవ్వలేదు.

"మద్దెల ఓడే అమ్మా. నీ కోడలు బొట్టు పెట్టి ఓడు చేసింది."

అత్తగారి ముందు కూడా ఆ మాట పడేసరికి నా ఓపిక తెగింది. గరిటె పడేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చాను. "జరగండి" అని స్ప్రింగు లాగాను. గోలీ కుడివైపే దిగింది. నొక్కాను. రెక్క ఠక్కున లేచింది, గోలీ పైకంటా పోయి గంటలన్నీ మోగించింది. మళ్లీ అటే వచ్చింది, మళ్లీ కొట్టాను. నా కోపం అప్పటికే చల్లారింది, ఆపాలని ఉంది, చెయ్యి ఆగడం లేదు. చివరికి కావాలనే వదిలేశాను. గోలీ గుంటలో పడింది.

అత్తగారు చిక్కుడుకాయ తుంచడం ఆపేశారు. ఆయన దగ్గరికొచ్చి చూపుడువేలు బటన్ మీద పెట్టి నొక్కారు. నడిమివేలితో నొక్కారు. రెక్క ఆలస్యంగా లేచి పడింది. తన వేళ్లనే చూసుకుంటూ నిలబడ్డారు.

"కుంకుమ పోయినట్టే ఉన్నదే," అన్నారు మెల్లగా.

"అవ్," అన్నాను.

నింద పోయిందన్న తేలిక కూడా నాకు కలగలేదు. పప్పు మాడుతున్న వాసన వస్తే లోపలికి పోయాను.

డాక్టరు చూసేదాకా ఆయన ఆగలేదు. తానే వెళ్లి గేటు డ్యూటీ అడిగి వేయించుకున్నారు. ఖాకీ చొక్కా గుండీలు కూడా నేనే పెట్టేదాన్ని. మిషన్ మూలకు చేరింది. ఇస్త్రీ బట్టలు దాని మీదే పెట్టుకునేవాళ్లం.

మరుసటి దసరాకు పనిముట్ల పెట్టె దింపి, అన్నీ తుడిచి, చాప మీద గుడ్డ పరిచి వరుసగా పేర్చాను. మిషన్‌కు పై చెక్క మీద మాత్రం ఒక బొట్టు పెట్టి ఊరుకున్నాను. ఆయన స్నానం చేసొచ్చి పీట మీద కూర్చున్నారు. కాసేపు చూసి, పటకారు పక్కన ఖాళీ ఉన్నచోట తన కుడిచెయ్యి బోర్లా పెట్టారు.

"దీనికి గూడ పెట్టు. ఇది గూడ పనిముట్టే గద."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు వేళ్లకూ పసుపు రాసి బొట్లు పెట్టాను. కుంకుమ తడి ఆరేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు.